బరఫ్ జులేఖాబీ, గురుడి చందమామ

కోరుట్ల చౌరస్తాలో జులేఖాబీ దుకాణం ముందు నిలబడి ఎక్కువసేపు బేరమాడిన మనిషికి ఒక శిక్ష ఉండేది. ఆమె నవ్వుతూనే, మాటల్లో పెట్టి, వేలెడంత మంచుముక్క తీసి అతని కాలర్ వెనక జారవిడిచేది. ఆ మనిషి రోడ్డు మీద గంతులేస్తుంటే, "ఇప్పుడు చెప్పు, మాల్ మంచిదేనా కాదా?" అని అడిగేది. చేపలమ్మేవాళ్లకు, షర్బత్ బండ్లవాళ్లకు, పెళ్లిళ్ల వంటవాళ్లకు కనీసం ఒక్కసారైనా ఆ మర్యాద జరిగింది. ఎవరూ దుకాణం మారలేదు. ఊళ్లో అంత గట్టి బరఫ్ మరెక్కడా దొరకదు మరి.

ఆమె పుట్టింది మేడిపల్లిలో. పాషాను పెళ్లి చేసుకొని కోరుట్లకు వచ్చింది. పాషా రోజూ తెల్లవారగానే ట్రాలీ ఆటోలో జగిత్యాల పోయి ఫ్యాక్టరీ నుంచి మంచు దిమ్మెలు తెచ్చేవాడు. ఆమె వాటిని వడ్ల ఊకలో పాతి, తడి గోనెసంచులు కప్పి, సాయంత్రం దాకా కాపాడుకునేది. పాషా రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. మిగిలినవి ఆమె మాట్లాడేది.

చదువు నాలుగో తరగతి దాకే. కానీ మంచు సంగతిలో ఆమె వేళ్లకు తెలియంది లేదు. తడివేలు పెడితే దిమ్మెకు అంటుకుపోయిందంటే అది తొట్టిలోంచి తీసి ఎంతోసేపు కాలేదు. పైన నాలుగు చుక్కల నీళ్లు పోస్తే టప్పున పగుళ్లిచ్చిందా, ఇంకా పొద్దంతా ఆగుతుంది. పగలకుండా నీళ్లు మెల్లగా జారిపోయాయా, ఇక దాన్ని వెంటనే అమ్ముకోవాలి. ఫ్యాక్టరీవాడు నిన్నటి సరుకు అంటగడితే పాషాను అదే ఆటోలో వెనక్కి పంపేది. పాషా మారుమాట లేకుండా పోయేవాడు.

రెండు వేల పదకొండు సెప్టెంబర్‌లో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గుబాయిలు నిలిచిపోయేసరికి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియకుండా అయింది. జగిత్యాల ఫ్యాక్టరీలో దిమ్మెలు నిండా గడ్డకట్టక, నడుమ బోలుగా వచ్చేవి. జులేఖాబీ వాటిని తట్టి చూసి తిట్టుకునేది కానీ సమ్మెను ఒక్కమాట అనలేదు. దుకాణానికి ఎదురుగానే రిలే దీక్షల శిబిరం వేశారు. రోజూ పొద్దున శిబిరం కుండలో ఒక మంచుగడ్డ తనే స్వయంగా వేసి, "చల్లగ తాగి గట్టిగ అరవుండ్రి. నా దుకాణం దాక ఇనవడుతలేదు" అని ఎగతాళి చేసి వచ్చేది.

ఆ శిబిరంలోనే లక్ష్మీరాజం రోడ్డు మీద బడి పెట్టాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. సిరిసిల్ల నేతవాళ్ల కుటుంబం, కోరుట్లలో అద్దెగదిలో ఉండేవాడు. సమ్మెలో ఉన్నా పిల్లల చదువు పోవద్దని రోజూ రెండు గంటలు నల్లబల్ల గోడకు ఆనించి పాఠం చెప్పేవాడు. జులేఖాబీ బిడ్డ ముస్కాన్ ఇంటర్ రెండో సంవత్సరం. ఆమె కూడా వచ్చి కూర్చునేది. తల్లి రోడ్డుకు ఇటు నుంచి బిడ్డ మీద ఒక కన్ను, సారు మీద ఒక చెవి వేసి ఉంచేది.

ఒకరోజు లక్ష్మీరాజం వేడి గురించి చెబుతూ చెబుతూ ఉత్సాహం పట్టలేక ఆకాశంలోకి వెళ్లిపోయాడు. గురుగ్రహానికి చాలా చందమామలు ఉన్నాయని, అందులో యూరోపా అనే దాని మీద అంతా మంచేనని, ఆ మంచు మైనస్ నూట అరవై డిగ్రీల దగ్గర ఉంటుందని చెప్పాడు.

రోడ్డుకు ఇవతలి నుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

"సార్! గా బరఫ్‌ను నువ్వు ముట్టి చూసినవా?"

"ముట్టుడెట్లక్కా? అది కోట్ల మైళ్ల దూరంల ఉన్నది."

"మరి ఎట్ల చెప్తవ్? గీడ చేతికి అందే బరఫే ఫ్యాక్టరోడు మంచిదని మోసం చేస్తడు. గంత దూరంది ఎవడు చెప్పినా నమ్ముడేనా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ముస్కాన్ నోట్‌బుక్కుతో ముఖం కప్పుకుంది.

"ముట్టకుండనే చెప్పచ్చక్కా. పరారుణ కాంతి అని ఉంటది. కంటికి కనవడది. దాంతోని తెలుస్తది."

"కనవడని దాంతోని, ముట్టని దాని సంగతి తెలుస్తదా? మా సాయిబు కూడ గిట్లనే ఉంటడు, కనవడడు, ఇనవడడు. గాని ఆయన సంగతి నాకేం తెల్వది."

ఆటో దగ్గర ఊక దులుపుకుంటున్న పాషా తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. శిబిరమంతా నవ్వింది. లక్ష్మీరాజానికి పంతం పట్టింది. రెండు రోజుల్లో ఆమె దుకాణంలో మంచు ఎంత చల్లగా ఉందో ముట్టకుండా చెబుతానన్నాడు. పందెం అక్కడికక్కడే కుదిరింది. అతను ఓడితే ఒకరోజు ఆమె దుకాణంలో మంచు కొట్టాలి. ఆమె ఓడితే అతని క్లాసులో ముందు వరుసలో కూర్చోవాలి.

లక్ష్మీరాజం బావ రాజమౌళి సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లు బాగుచేస్తాడు. మోటారు వేడెక్కుతోందో లేదో దూరం నుంచే చూసుకోవడానికి అతని దగ్గర ఒక పరికరం ఉంది. పిస్తోలులా ఉంటుంది. మీట నొక్కితే ఎర్రటి చుక్క పడుతుంది, వెనక చిన్న తెరమీద డిగ్రీలు కనబడతాయి. రాజమౌళి దాన్ని మోటార్‌సైకిల్ మీద తెచ్చి ఇచ్చాడు.

పందెం రోజు చౌరస్తాలో దీక్ష ఎవరు చేస్తున్నారో ఎవరూ పట్టించుకోలేదు. టీకొట్టు గంగారాం పొయ్యి ఆర్పేసి వచ్చాడు. జులేఖాబీ మూడు మంచుగడ్డలు గోనెసంచి కింద పెట్టి బయటికి వచ్చింది.

మొదటిది తీసింది. లక్ష్మీరాజం మీట నొక్కాడు. "మైనస్ ఏడు," అన్నాడు. ఆమె తడివేలు ఆనించింది. వేలు అంటుకుంది. నీళ్లు పోస్తే టప్పుమంది. చప్పట్లు.

రెండోది తీసింది. "సున్నా." ఆమె నీళ్లు పోసింది. చప్పుడు లేదు, నీళ్లు జారిపోయాయి. మళ్లీ చప్పట్లు. లక్ష్మీరాజం జేబురుమాలుతో నుదురు తుడుచుకొని గెలిచినవాడిలా నిలబడ్డాడు.

మూడోది తళతళ మెరుస్తూ బయటికి వచ్చింది. బిర్యానీ పొట్లాలకు చుట్టే వెండిరంగు రేకు కాగితం దానికి గట్టిగా చుట్టి ఉంది.

"కొట్టు సార్."

మీట నొక్కాడు. ముప్పై మూడు డిగ్రీలు.

జులేఖాబీ ఆ ముద్దను రెండు చేతులతో ఎత్తి గంగారాం వీపుకు ఆనించింది. గంగారాం కేక చౌరస్తా అవతలి దాకా వినబడింది.

"ఇగో, ముప్పై మూడంట! ఎండకాలం బరఫ్!"

ఈలలు మోగాయి. 'జై తెలంగాణ' అని అరుస్తున్న గొంతులు నడుమనడుమ 'బరఫ్ బీ జిందాబాద్' కూడా కలుపుకున్నాయి.

"గది మోసమక్కా!" అన్నాడు లక్ష్మీరాజం. "మెరిసే కాగితం సొంత వేడి చూపెట్టది. అద్దం లెక్క చుట్టుపక్కల వేడే తిరిగి పంపిస్తది. నువ్వు బరఫ్ మీద కాగితం కప్పినవ్."

"నేనైతే కప్పిన, ఒప్పుకుంటున్న. గా చందమామ మీద ఏం కప్పి ఉన్నదో నువ్వు పోయి చూసినవా?"

లక్ష్మీరాజం పరికరం దించాడు. అది అల్లరి ప్రశ్న కాదని, అసలైన ప్రశ్న అదేనని అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అందుకే సిగ్గు ఇంకా ఎక్కువైంది.

మర్నాడు లెక్చరర్ గారు లుంగీ ఎగగట్టి మంచు కొట్టాడు. ఇనుప చువ్వ ఎక్కడ పొడిచినా దిమ్మె సగానికి కాకుండా మూలకే పగిలేది. కాలేజీ పిల్లలంతా వంతులవారీగా వచ్చి తలా ఒక చిన్న ముక్క అడిగి తీసుకున్నారు. జులేఖాబీ కుర్చీలో కాలు మీద కాలేసుకొని, చేతిలో ఆ పరికరం పట్టుకొని ప్రపంచాన్ని కొలిచింది. గంగారాం చాయ్ అరవై ఒకటి. రోడ్డు నలభై ఎనిమిది. పాషా నెత్తి ముప్పై నాలుగు.

"పోలీసోళ్ల కోపం ఎంత ఉంటదో చూద్దాం," అంది.

చౌరస్తాకు అవతల బందోబస్తు కోసం వేరే జిల్లా నుంచి వచ్చిన సీఐ జీపుకు ఆనుకొని నిలబడ్డాడు. తెల్లవారి నుంచి ఎండలో ఉన్నాడు. ఎర్రటి చుక్క సరిగ్గా అతని చొక్కా గుండీ మీద పడింది.

సీఐ కిందికి చూసుకున్నాడు. మరుక్షణం జీపు వెనక ఉన్నాడు. నలుగురు కానిస్టేబుళ్లు కర్రలు పట్టుకొని రోడ్డు దాటారు. శిబిరంలో సగంమంది చెప్పులు వదిలి పరుగెత్తారు. లక్ష్మీరాజం చేతిలో ఇనుప చువ్వతో అలాగే బిగుసుకుపోయాడు. అతన్ని చూసి కానిస్టేబుళ్లకు అనుమానం ఇంకా బలపడింది.

జులేఖాబీ మాత్రం లేవలేదు. దగ్గరికి వచ్చిన సీఐ నుదుటికి పరికరం పెట్టి, తెర చూసి, తల అడ్డంగా ఊపింది.

"ముప్పై ఎనిమిది. సార్, మీకు ఎండ తాకింది. కూసోండి, షర్బత్ తాగుండ్రి."

"ఇది ఏంది? ఎవరిచ్చిండ్రు నీకు?" సీఐ గట్టిగా అరిచాడు. కోపమో భయమో చెప్పడం కష్టం.

"గీ సార్ ఇచ్చిండు. చందమామ మీద బరఫ్ చూస్తడంట."

సీఐ లక్ష్మీరాజాన్ని పైనుంచి కిందికి చూశాడు. లుంగీ, ఊక, చువ్వ. "చందమామ మీద?"

లక్ష్మీరాజం తడబడుతూ మొదలుపెట్టాడు. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ, చల్లగా ఉన్న ప్రతి వస్తువు కూడా, కంటికి కనబడని కాంతి వదులుతుందని, ఆ కాంతిని బట్టి దూరం నుంచే వేడి తెలుసుకోవచ్చని చెప్పాడు. సీఐ పరికరం తీసుకొని ఒక కానిస్టేబుల్ మీద పెట్టాడు. తర్వాత జీపు బానెట్ మీద. తర్వాత షర్బత్ గ్లాసు మీద. ఇరవై నిమిషాల తర్వాత కూడా పరికరం అతని చేతిలోనే ఉంది. దర్యాప్తు పూర్తయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటానని చెప్పి, గంగారాం బెంచీ మీద కూర్చొని రెండోసారి చాయ్ కొలిచాడు.

సాయంత్రం చందమామ పైకి రాగానే దర్యాప్తు ఆకాశానికి పాకింది. సీఐ గురిచూసి మీట నొక్కాడు. మైనస్ పన్నెండు. "చందమామ దొరికింది!" అని కానిస్టేబుళ్లు చప్పట్లు కొట్టారు. జులేఖాబీ పరికరం అడిగి తీసుకొని, చందమామ లేని వైపుకు తిప్పి నొక్కింది. మైనస్ పన్నెండు. ఇంకోవైపుకు తిప్పింది. మళ్లీ అంతే.

"సార్, గిది చందమామను చూస్తలేదు. ఉత్త ఆకాశాన్నే చూస్తున్నది."

లక్ష్మీరాజానికి అది రెండో ఓటమి. ఆమె చెప్పింది నిజం. ఆ చిన్న పరికరానికి చూపు వెడల్పు ఎక్కువ. అంత ఆకాశంలో చందమామ ఒక బొట్టంత కూడా కాదు. కాలేజీలో ఏ విద్యార్థీ అలా తిప్పి చూసి ఉండడని అతనికి అనిపించింది. ఆ రాత్రి గదిలో పడుకున్నా, ఆమె అడిగిన కాగితం ప్రశ్నే తలలో తిరిగింది.

మర్నాడు తెల్లవారగానే లక్ష్మీరాజం పాషా ఆటోలో, ఖాళీ గోనెసంచుల మీద కూర్చొని జగిత్యాల పోయాడు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు పాషా మాత్రం, "గెలువు సార్. ఇంట్ల నాకు కొంచెం బలం వస్తది," అన్నాడు. ఆ రోజు అతని పది మాటల్లో చాలాభాగం అక్కడే ఖర్చయింది.

జగిత్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో జనరేటర్ నడిచినంతసేపు లక్ష్మీరాజం వెతికాడు. వెతికింది దొరికింది. కానీ ఉన్నదంతా గీతలు, అంకెలు, పట్టికలు. అది జులేఖాబీకి చెప్పాలంటే ఎట్లా? వడ్ల లారీ ఒకటి దొరికితే ఎక్కి వేములవాడ, అక్కడి నుంచి రాజమౌళి మోటార్‌సైకిల్ మీద సిరిసిల్ల చేరాడు.

కరెంటు లేక మగ్గాలన్నీ మూగగా ఉన్నాయి. అక్క ఇంద్రమ్మ వాకిట్లో కూర్చొని నేసిన బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూస్తోంది.

"ఏం చూస్తున్నవక్కా?"

"గీడ పోగు పోయింది, తమ్మీ. చూడు, గీత లెక్క కనవడుతలేదా? గిది మూడో సాంచది. దాని మీదనే గిట్ల పోతది. మొత్తం తెగితే గీత సక్కగుంటది. వదులైతే సగం సగం ఉంటది."

"నువ్వు సాంచను చూడకుండనే చెప్తున్నవా?"

"బట్టనే చెప్తది గదరా. సాంచ దగ్గరికి పోవుడెందుకు?"

లక్ష్మీరాజం ఆ ముక్కను అడిగి చింపించుకొని సంచిలో పెట్టుకున్నాడు. సాంచ అంటే మరమగ్గం. ఫిజిక్స్ చదివిన తమ్ముడికి చింపిన బట్టతో ఏం పనో ఇంద్రమ్మకు అర్థం కాలేదు. పిచ్చి ముదిరిందని మొగుడితో చెప్పింది.

రెండు రోజుల తర్వాత, రాత్రి ఎనిమిదింటికి, కరెంటు లేని చౌరస్తాలో గ్యాస్‌లైటు వెలిగించి బడి పెట్టారు. సీఐ కూడా వచ్చాడు. బందోబస్తుకు తెచ్చిన దుర్భిణి మెడలో వేసుకొని, డ్యూటీలోనే ఉన్నానని అడగకున్నా అందరికీ చెప్పాడు.

తూర్పున ఇళ్ల కప్పుల పైన ఒక పెద్ద చుక్క మెరుస్తోంది. లక్ష్మీరాజం దాన్ని చూపించి, దుర్భిణిని గోడకు ఆనించి కదలకుండా పట్టుకోమన్నాడు. జులేఖాబీ చాలాసేపు చూసింది. గురుడి పక్కన, ఒకే వరసలో, ఆవగింజల్లాంటి చుక్కలు.

"గవేనా?"

"గవే అక్కా. అండ్ల ఒకటి నిండా బరఫే."

ఆమె మళ్లీ దుర్భిణి కళ్లకు ఆనించింది. చివరికి దుర్భిణి దించి, నెమ్మదిగా అంది: "పాపం, అంత బరఫ్. కొనేటోడే లేడు."

లక్ష్మీరాజం బట్టముక్కను గ్యాస్‌లైటుకు అడ్డంగా పట్టాడు. తెగిన పోగు జాడ గీతలా కనబడింది.

"అక్కా, మొన్న నేను బరఫ్ సొంత వేడి చూసిన. అందుకే నీ కాగితం నన్ను మోసం చేసింది. ఇంకో దారి ఉన్నది. సూర్యుని వెలుగు గా బరఫ్ మీద పడి మన దిక్కు తిరిగొస్తది. వెలుగును బట్ట అనుకో. కనవడే రంగులు కొన్ని పోగులు. కనవడని పరారుణం ఇంకా కొన్ని పోగులు. బరఫ్ అండ్ల కొన్ని పోగులు గుంజేసుకుంటది. గా పోగులల్ల ఒక్కదాని సంగతి వేరే. బరఫ్ బాగ చల్లగుంటే అది సక్కగ, లోతుగ తెగుతది. చల్లదనం తగ్గినకొద్దీ తెగుడు పైపైనే ఉంటది. తిరిగొచ్చిన వెలుగుల గా తెగిన చోటును చూసి, బరఫ్ ఎంత చల్లగున్నదో చెప్తరు. దానికి పెద్ద పెద్ద అద్దాలున్న దుర్భిణిలు కావాలె. పొడిగాలి ఉండే ఎత్తు కొండల మీద పెడ్తరు."

జులేఖాబీ బట్టముక్క తీసుకొని, గీతను గోరుతో తడిమింది.

"మరి కాగితం కప్పి ఉంటే?"

"కాగితం గా పోగు గుంజది. బరఫ్ ఒక్కటే గుంజుతది. తెగిన చోటు కనవడ్డదంటే, మనం చూస్తున్నది బరఫేనని కూడ తెలుస్తది."

జనం ఆమె వైపు తిరిగారు. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

"ఎంత చల్లదనానికి ఎంత తెగుతదో గా చందమామ అచ్చి చెప్పిందా?"

"లేదక్కా. ముందు ఇక్కడనే, ల్యాబుల, మన లెక్కనే నీళ్లు గడ్డకట్టిచ్చి, కొంచెం కొంచెం చల్లార్చుకుంట, ఒక్కోసారి చూసి రాసిపెట్టుకున్నరు. గా రాసినదాంతోని పోల్చి చూస్తరు."

జులేఖాబీ తొడ చరిచింది. గ్యాస్‌లైటు అదిరింది.

"గట్ల చెప్పు! అంటే ముందుగాల ఎవలో ఒకలు బరఫ్ దగ్గర కూసొని చూసిండ్రు. చూసినంకనే దూరంది చెప్పిండ్రు. ఉత్తగ చెప్పలే."

"ఉత్తగ చెప్పలేదక్కా."

"అయితే నువ్వు సగం గెల్సినవ్. నేను సగం గెల్సిన."

సీఐ ఈ తీర్పును ఖాయం చేశాడు. పాషా చీకట్లో ఎవరికీ కనబడకుండా చప్పట్లు కొట్టాడు. ఎవరి కోసం కొట్టాడో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

సమ్మె ముగిసింది, కాలేజీ తెరిచారు. సగం ఓడిన జులేఖాబీ సగం పీరియడే కూర్చుంటానంది. ఒక బకెట్లో మంచుగడ్డ పట్టుకొని వచ్చి, ముందు బెంచీలో ముస్కాన్ పక్కన ఇరుక్కొని కూర్చుంది. సగం పీరియడ్ రెండు పీరియడ్లయింది. ప్రశ్నలు ఆమే అడిగింది, కొన్నింటికి జవాబులు కూడా ఆమే చెప్పింది. తడివేలు మంచుకు ఎందుకు అంటుకుంటుందో లక్ష్మీరాజం వివరిస్తుంటే, వెనక బెంచీవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి వేలు పెట్టించింది. వేళ్లు అంటుకుపోయి ఇద్దరు బయటికి పోవడానికి వీల్లేక బకెట్ దగ్గరే గంట కొట్టేదాకా నిలబడ్డారు. ప్రిన్సిపాల్ వచ్చి చూసి, ఈమె ఏ సబ్జెక్టుకు గెస్ట్ లెక్చరర్ అని అడిగాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్లూ వేడి పాఠం వచ్చినప్పుడు లక్ష్మీరాజం ఆమెకు కబురు పంపేవాడు. ఆమె బకెట్‌తో వచ్చేది. రాష్ట్రం వచ్చిన ఏడాది అతనికి సిరిసిల్లకు బదిలీ అయింది. పోయే ముందు చెప్పడానికి దుకాణానికి వస్తే, "గాడ సాంచల నడుమ బాగ ఉడుకుంటది. ఆకాశంల ఇంకేమన్న చల్లటిది దొరికితే కబురు పెట్టు," అని పంపింది.

అంతకు ముందే, ఇంటర్ కాగానే, ముస్కాన్ జగిత్యాలలో డిగ్రీలో చేరింది. ఫిజిక్సే తీసుకుంది. చేరిన రోజు దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాసింది. జులేఖాబీ పక్క నుంచి తొంగిచూసి, అదేం రాశావని అడిగి చదివించుకొని, పెన్ను లాక్కుంది.

"ఏం రాయాలె అమ్మీ మరి?"

జులేఖాబీ కౌంటర్ మీద మోచేయి పెట్టి కాసేపు ఆలోచించింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. క్లర్కు గడియారం చూసుకుంటున్నాడు.

"బరఫ్ పరిశోధన అని రాయి, బిడ్డా," అంది.

ముస్కాన్ నవ్వాపుకుంటూ పెన్ను తీసుకొని, 'గృహిణి' కొట్టేసి అట్లాగే రాసింది. క్లర్కు చదివి, ఒకసారి తల్లిని, ఒకసారి బిడ్డను చూసి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో, ముద్ర వేసి లోపల పెట్టాడు.